పిలిస్తేనే వింటుందట

పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగే చోట ఎడమ పక్కన ఒక పెద్ద హోర్డింగు ఉండేది. పట్టుచీర కట్టుకున్న అమ్మాయి ఒకతె, కొబ్బరికాయంత తెల్లటి గుండ్రటి డబ్బా ముందు కూర్చుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ ఉండేది. కింద పెద్దక్షరాల్లో రెండే ముక్కలు: "పలుకు. మీరు పిలిస్తేనే వింటుంది."

ఆ హోర్డింగు వెనకున్న అద్దాల భవనం నాలుగో అంతస్తులో యూనిస్ ఉద్యోగం. ఎవరూ పిలవకుండానే ఆ డబ్బా విన్న మాటల్ని హెడ్‌ఫోన్లు తగిలించుకుని వినాలి, విన్నది విన్నట్టు టైపు చేయాలి. ఆమెతో పాటు ఇంకో అరవై మంది అదే పని చేసేవారు.

యూనిస్‌కి నలభై రెండేళ్ళు. పుట్టిందీ పెరిగిందీ బల్కంపేటలోనే. భర్త మోసెస్ పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రిలో ఎలక్ట్రీషియన్. అమీర్‌పేటలో గల్లీకి రెండు చొప్పున మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ సెంటర్లు వెలిసిన రోజుల్లో ఆమె మైత్రీవనంలో ఆ కోర్సు చేసింది. అమెరికా డాక్టర్లు నమిలి మింగినట్టు చెప్పే మాటలు విని, రోగుల రిపోర్టులు టైపు చేసే పని అది. పదిహేడేళ్ళు చేసింది. చెవంటే ఆమెది చెవి. ఏ డాక్టరు భోజనం చేస్తూ మాట్లాడుతున్నాడో, ఏ డాక్టరుకి ముక్కు దిబ్బడ వేసిందో కూడా చెప్పేసేది. చివరికి ఆమెలాంటి వేల మంది దిద్దిన ఫైళ్ళన్నీ మేసి, ఆ పనేదో మిషనే నేర్చేసుకుంది. నేర్పినవాళ్ళని మాత్రం ఒక శాలువా కూడా కప్పకుండా సాగనంపారు. చాన్నాళ్ళు ఖాళీగా కూర్చున్నాక, రెండువేల పంతొమ్మిదిలో ఈ ఉద్యోగం దొరికింది. ఇక్కడా మిషన్‌కి నేర్పడమే. ఈసారి తెలుగు.

పేరు పెట్టి పిలిస్తే లేచి, అడిగినదానికి జవాబు చెప్పే ఆ డబ్బాని తయారుచేసింది సముద్రాల అవతలున్న ఒక మహా కంపెనీ. లోకంలో సగం మంది ఉత్తరాలూ, ఫొటోలూ, తిరిగిన దారులూ, దాచుకున్న జబ్బులూ దాని గుప్పిట్లోనే ఉన్నాయి. కానీ ఆఫీసులో దాని పేరు ఎత్తకూడదు. కాంట్రాక్టు తీసుకున్న ఈ పంజాగుట్ట కంపెనీలో అందరూ దాన్ని "క్లయింట్" అనేవారు. మొగుడి పేరు పలకని పాతకాలపు ఇల్లాళ్ళలాగా, ఎంబీఏలు చదివిన మగాళ్ళు కూడా గొంతు తగ్గించి "క్లయింట్ అడిగారు", "క్లయింట్‌కి నచ్చదు" అనేవారు.

చేరిన రోజు టీమ్ లీడ్ వంశీధర్ పాఠం చెప్పాడు. ముప్పై నిండని కుర్రాడు. భీమవరం నుంచి వచ్చాడు. మెడలో ఐడీ కార్డు తాళిబొట్టులా ఎప్పుడూ సవరించుకుంటూ ఉండేవాడు.

"ఇవి మనుషుల మాటలు అనుకోకండి మేడం. శాంపిల్స్ అనుకోండి. పేర్లుండవు, అడ్రసులుండవు. నంబరొక్కటే. కాబట్టి ప్రైవసీకి ఏ ఢోకా లేదు."

"పేర్లు వాళ్ళే చెప్పుకుంటరు కద సార్, మాటల్ల?" అంది యూనిస్.

వంశీధర్ మెడలో కార్డు సవరించుకున్నాడు. "చెప్పుకున్నా మనం వినకూడదు," అన్నాడు.

వినడానికే జీతమిచ్చే ఆఫీసులో!

ఆ డబ్బాకి "పలుకు" అని పేరు పెట్టిన మహానుభావులెవరో గానీ, తెలుగిళ్ళలో వంట చేసుకుంటారన్న సంగతి వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు. "పులుసు" అన్నా డబ్బా ఉలిక్కిపడి లేచేది. లేచాక పావు నిమిషం పాటు చెవిన పడ్డదంతా పట్టుకుని పంపేది. బెండకాయ పులుసులో ఉప్పెక్కువైన సంగతీ, పులుసు పోసుకోకుండానే విస్తరి ముందు నుంచి లేచిపోయిన అల్లుడి సంగతీ సముద్రాలు దాటి వెళ్ళి, మళ్ళీ పంజాగుట్టకి తిరిగొచ్చి యూనిస్ చెవిలో పడేవి. మొదటి రెండు వారాలూ ఆమె నవ్వుకుంది.

తర్వాత నవ్వు రాలేదు. ఎందుకంటే ఇళ్ళలో "పలుకు" అన్న మాట ఊరికే అనరు. ఎదుటి మనిషి నోరు విప్పనప్పుడు అంటారు. తలుపేసుకున్న కూతురితో అంటారు. మంచం మీద స్పృహ తప్పుతున్న తల్లిని కుదుపుతూ "పలుకమ్మా, ఒక్కసారి పలుకు" అంటారు. సరిగ్గా అక్కడ డబ్బా లేచేది. కన్నవాళ్ళకి కూడా వినిపించకూడని మాటల్ని ఎంచి ఎంచి పట్టుకున్నట్టు పట్టుకునేది. అవి రోజుకి ఎనిమిది వందలు వచ్చేవి. విని, టైపు చేసి, కింద వరసగా ఉన్న మీటల్లో ఒకటి నొక్కాలి. మాట, టీవీ, నవ్వు, ఏడుపు, కుక్క, ఇతర శబ్దం. అంతే, తెలుగువాళ్ళ బతుకు ఆ ఆరింటిలో సరిపోవాలి.

కొన్ని నంబర్లు విడవకుండా ఒక్కరికే పంచేవారు. అలా ఒక ఇల్లు ఆమెకి రోజూ తగిలేది. స్క్రీన్ మీద నంబరు చివర నాలుగు సున్నా ఆరు ఉండేది. పొద్దున్నే ఒక మగగొంతు వచ్చేది.

"ఇంగ్లీషులో పలుకు! టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్. ఊఁ? నోట్లో ఏం పెట్టుకున్నావ్? పలుకు!"

"మ్... మ్... మై న్... న్..." అంటూ ఒక ఆడపిల్ల గొంతు. ఆ వెంటనే చెంప మీద పడ్డ చప్పుడు. దానికి మీట లేదు. "ఇతర శబ్దం" నొక్కాలి. చివర్లో డబ్బా తేనె పూసిన గొంతుతో అనేది: "క్షమించండి, నాకు అర్థం కాలేదు." ఆ ఇంట్లో క్షమించమని అడిగింది అదొక్కటే.

మధ్యాహ్నాలు అదే నంబరు నుంచి ఆ పిల్ల ఒక్కతే డబ్బాతో మాట్లాడేది. "ప్... ప్... పలుకూ, ఇవాళ వ్... వ్..." వాన వస్తుందా అని అడగడానికే గడువంతా అయిపోయేది. ఇలాంటివి "అస్పష్టం" అని టైపు చేసి పారేయమని క్లయింట్ ఆజ్ఞ. యూనిస్ పారేయలేదు. వెనక్కి తిప్పి తిప్పి విని, ఆ పిల్ల అనబోయిన మాట పూర్తిగా టైపు చేసేది. మిషన్ నేర్చుకుంటే నేర్చుకోనీ, కనీసం ఈ పిల్లకి వాన కబురైనా చెప్తుంది అనుకుంది.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల అంది, "న్... నాకు ఈ ఇంట్లో ఉ... ఉండాలని లేదు."

డబ్బా ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మీకు దగ్గర్లో ఉన్న అద్దె ఇళ్ళు, లేడీస్ హాస్టళ్ళు చూపించమంటారా?" అంది.

యూనిస్‌కి ఒళ్ళు మండింది. కడుపులో మాట చెప్పుకుంటే గిరాకీ అనుకుంటుందేమిటి ఈ ముండది, అనుకుంది. అంతటితో ఆగుతుందనుకుంది. ఆగలేదు. నాలుగు రోజుల తర్వాత అదే నంబరు నుంచి మగగొంతు ఇల్లదిరేలా వచ్చింది.

"నా ఫోన్లో లేడీస్ హాస్టళ్ళ ప్రకటనలేంటి? పొద్దున్నుంచీ అవే! ఈ ఇంట్లో ఎవరడిగారు హాస్టలు? ఊఁ? నువ్వేనా? పలుకు!" ఏదో బరువైనది నేల మీద పడింది. "చచ్చిపోతుందండీ, వదిలేయండి," అని ఇంకో ఆడగొంతు. పావు నిమిషం అయిపోయింది. తర్వాత ఏం జరిగిందో డబ్బాకి అక్కర్లేదు.

యూనిస్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, నేరుగా వంశీధర్ దగ్గరికి వెళ్ళింది.

"సార్, గీ ఇంట్ల పిల్లను కొడుతుండు. రోజూ కొడుతుండు. ఇయాల అయితే నాకు భయమైంది. మీ డబ్బానే సార్ పట్టిచ్చింది ఆ పిల్లను. ఇంట్ల ఉండబుద్ధి అయితలేదన్నదని, ఒకటే నెట్ వాడే తండ్రి ఫోన్ల హాస్టళ్ళ యాడ్లు ఏసింది."

వంశీధర్ క్లిప్ వినలేదు. వింటే తను కూడా విన్నట్టవుతుంది కదా. "మేడం, ఆ ఆడియో డివైస్‌ని ఉద్దేశించి అన్నది కాదు. అంటే, అది కస్టమర్ రిక్వెస్ట్ కిందికి రాదు," అన్నాడు.

"మరి ఉద్దేశించనిది ఎందుకు ఇంటున్నం సార్?"

"క్వాలిటీ కోసం."

"పోలీసులకు చెప్పరా?"

"ఎవరని చెప్తాం? పేర్లు లేవు కదా," అని, ప్రైవసీ ఎంత గొప్పదో మరోసారి రుజువైనట్టు తృప్తిగా చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఫారంలో దీనికి కాలమ్ లేదు మేడం. కాలమ్ లేనిదాన్ని నేనెక్కడ వేయను? మీరు బ్రేక్ తీసుకుని ఒక టీ తాగండి."

ఆ సాయంత్రం యూనిస్ నేరుగా ఇంటికి వెళ్ళలేదు. అమీర్‌పేట మెట్రో స్టేషన్లో దిగి, మైత్రీవనం వెనక గల్లీల్లో ఊరికే నడిచింది. పాంప్లెట్లు పంచేవాళ్ళు, జావా అనీ టెస్టింగ్ అనీ అరిచేవాళ్ళు, సంచులు తగిలించుకుని గుంపులుగా తిరిగే పిల్లలు. ఒక మెట్ల దారి దగ్గర లౌడ్‌స్పీకర్‌లో రికార్డు చేసిన గొంతు మోగుతోంది. "భయం వదలండి! నోరు తెరవండి! ముప్పై రోజుల్లో ఇంగ్లీషు మీ సొంతం. ఇవాళే ఉచిత డెమో. ఇంకా ఆలోచిస్తున్నారా? ఊఁ?"

ఆమె కాళ్ళు ఆగిపోయాయి. గొంతుకి చక్కెర పూశారు గానీ, చివర్లో ముక్కులోంచి తీసే ఆ "ఊఁ?" మాత్రం మారలేదు. పదిహేడేళ్ళు డాక్టర్ల ముక్కులు విన్న మనిషికి ఆ ఒక్క ముక్క చాలు.

బోర్డు మీద టై కట్టుకున్న మనిషి బొమ్మ. వి.వి. సార్ కమ్యూనికేషన్ స్కిల్స్. అసలు పేరు వీరవెంకటసత్యనారాయణ. అమీర్‌పేటలో పాతికేళ్ళుగా ఊరి పిల్లల నోళ్ళు తెరిపిస్తున్న మహానుభావుడు.

ఇంటికొచ్చి చెప్తే మోసెస్ తల పట్టుకున్నాడు. "నీకెందుకే గా లొల్లి? నౌకరీ పోతది. జర సోచాయించు."

"సోచాయించిన. రేపు నా చెవుల గా పిల్ల చచ్చిపోయిన చప్పుడొస్తే ఏ మీట నొక్కాలె, చెప్పు."

మర్నాడు ఆమె సెలవు పెడుతుంటే మోసెస్ ఎందుకని అడగలేదు.

యూనిస్ వెళ్ళేసరికి వి.వి. సార్ హాల్లో డెమో చెబుతున్నాడు. వంద మంది పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. "తల్లిదండ్రులు చేసే పెద్ద తప్పేంటో తెలుసా? పిల్లల్ని భయపెట్టడం," అంటున్నాడాయన. యూనిస్ అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయింది. వెనక చిన్న గదిలో ఇరవై మూడేళ్ళ అమ్మాయి ఒకతె, అనర్గళంగా మాట్లాడగలరని ధ్రువీకరించే సర్టిఫికెట్లకి లామినేషన్ చేస్తోంది. ఎడమ కంటి కింద వాపు.

"నువ్వు ఆయన బిడ్డవేనా?"

అమ్మాయి తలూపింది. పేరు అడిగితే మెడలోని కార్డు చూపించింది. రవళి. పేరు చెప్పాల్సిన అవసరం రాకుండా దాన్ని మెడలో వేసుకున్నట్టుంది.

యూనిస్ అబద్ధం చెప్పడానికి దారి వెతుక్కోలేదు. "మీ ఇంట్ల పలుకు డబ్బా ఉంది కద. అది ఇన్నయి మాకొస్తయి. నేనింటనమ్మా. నాయన నిన్ను కొట్టేది ఇన్న. మొన్నటిది సుత ఇన్న. నీకు సాయం జేద్దామని వచ్చిన."

రవళి చేతిలోని సర్టిఫికెట్ మిషన్లో సగం దాకా వెళ్ళి ఇరుక్కుంది. ఆమె పట్టించుకోలేదు.

"అ... అన్నీ విన్నారా?"

"ఇన్న."

"మ్... మధ్యాహ్నం న్... నేనొక్కదాన్నే..."

యూనిస్ తల దించుకుంది. "అవి సుత."

రవళి మొహం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. తండ్రి కొట్టిన దెబ్బలు ఎవరో విన్నారన్నదానికి ఆమె అంత చలించలేదు. రెండో మాటకి మాత్రం గోడ వైపు తిరిగిపోయింది. అటే చూస్తూ అంది, "మ్... మనిషి కాదనే కదండీ... చ్... చెప్పుకున్నాను."

సాయం చేయడానికొచ్చిన యూనిస్‌కి, ఆరు వారాలుగా ఆ పిల్ల గదిలోకి కిటికీలోంచి తొంగి చూస్తున్నది తనేనని అప్పుడు అర్థమైంది. కంపెనీని ఎంత తిట్టుకున్నా ఆ కిటికీ దగ్గర నిలబడ్డ కళ్ళు తనవి. క్షమించమందామనుకుంది గానీ, అది డబ్బా అనే మాట. అందుకని అనలేదు. ఒక కాగితం మీద తన నంబరు రాసి ఇచ్చింది.

"ఫోన్ల ఎక్కియ్యకు. అది సుత చెప్పేస్తది. కాగితమే పెట్టుకో," అని వచ్చేసింది.

ఆ సాయంత్రం రవళి ఇంటికెళ్ళి, డబ్బాని తీగతో సహా పెరికి నీళ్ళ బకెట్లో ముంచింది. వి.వి. సార్ ఎందుకని గద్దించాడు. కూతురికి మళ్ళీ దెబ్బలు పడకుండా కాపాడదామని తల్లి హైమవతి, కూతురు తనతో చెప్పుకున్నదంతా ఆయనకి చెప్పేసింది.

అంతే, ఆయనకి జీవితంలో మొదటిసారి పరాయివాళ్ళు తన మాటలు విన్నారన్న స్పృహ కలిగింది. కూతుర్ని కొట్టినందుకు సిగ్గుపడ్డాడా అంటే, లేదు. ఒక పౌరుడిగా తన హక్కులు గుర్తొచ్చాయి. "నా ఇల్లు నా కోట. ఒక పరాయి ఆడది నా కోటలో చొరబడింది," అంటూ మంచి ఇంగ్లీషులో పెద్ద పోస్టు పెట్టాడు. మర్నాటి సాయంత్రానికి లక్ష మంది చూశారు. మైత్రీవనం పూర్వ విద్యార్థులంతా సార్‌కి సంఘీభావం ప్రకటించారు. ప్రైవసీ మీద టీవీలో చర్చ కూడా పెట్టారు. చర్చ జరుగుతుండగా మధ్యమధ్యలో పలుకు డబ్బా ప్రకటన వచ్చింది.

మహా కంపెనీ వెంటనే స్పందించింది. ఖాతాదారుల ప్రైవసీ తమ ప్రాణమనీ, ఒక బయటి కాంట్రాక్టరు దగ్గర పనిచేసే ఒకానొక వ్యక్తి దాన్ని ఉల్లంఘించడం తమ మనసును కలచివేసిందనీ ప్రకటించింది. రోజుకి కొన్ని లక్షల ఇళ్ళలో మాటలు వినేవాళ్ళది సేవ. ఒక ఇంట్లో పిల్ల ఎలా ఉందో చూడ్డానికి వెళ్ళినామెది నేరం.

విచారణ అదే నాలుగో అంతస్తులో పెట్టారు. గోడ మీద పెద్ద తెరలో క్లయింట్ తరఫు మనిషి కనిపించాడు. ఆయన విభాగం పేరు "నమ్మకం, భద్రత". పదిహేను నిమిషాల సమయం ఇచ్చారు. ఇక్కడొక చిక్కు వచ్చింది. డబ్బా కొన్నప్పుడు మీటలు నొక్కే ఓపిక లేక వి.వి. సార్ ఖాతా కూతురి పేరు మీదే తెరిపించాడు. కాబట్టి కాగితాల ప్రకారం కస్టమర్ రవళి. వాంగ్మూలం ఆమే ఇవ్వాలి. తండ్రీ కూతుళ్ళిద్దర్నీ పిలిపించారు.

"మా అమ్మాయికి కాస్త ఇబ్బంది ఉందండీ. నేను చెప్తాను," అన్నాడు వి.వి. సార్.

"కస్టమరే చెప్పాలి," అన్నాడు తెరలోని మనిషి. రూలు రూలే.

రవళి లేచింది. యూనిస్ ఆమె వైపు చూడలేకపోయింది. తన మీద ఏం చెప్పినా ఆ పిల్లకి హక్కుందనుకుంది.

"న్... నేను ఫ్... ఫిర్యాదు చేయలేదు," అంది రవళి. ఆ ఒక్క ముక్కకే నిమిషం పట్టింది. వి.వి. సార్ మోకాలు ఊపడం మొదలుపెట్టాడు. వంశీధర్ ఐడీ కార్డు సవరించుకున్నాడు. తెరలోని మనిషి గడియారం చూసుకున్నాడు. ఆమె ఆగలేదు. "ఈవిడ విన్నది త్... తప్పే. న్... నాకు కోపంగానే ఉంది. కానీ వ్... విన్నాక వచ్చి న్... నా మొహం చూసింది ఈవిడొక్కరే. మ్... మీరంతా విని క్... కూర్చున్నారు."

ఆమె తెర వైపు తిరిగింది.

"మ్... మా నాన్న నన్ను కొట్టిన ఆ... ఆడియో మీ దగ్గరుంది. అ... అది నాకు ఇవ్వండి. ప్... పోలీసులకి ఇస్తాను."

వి.వి. సార్ దిగ్గున లేచాడు. ముప్పై రోజుల్లో వంద మందికి మాటలు నేర్పే మనిషికి ఒక్క మాట కూడా రాలేదు.

"ఖాతాదారుల ప్రైవసీ దృష్ట్యా రికార్డింగులు బయటికి ఇవ్వలేం," అన్నాడు తెరలోని మనిషి.

"న్... నేనే ఖ్... ఖాతాదారుని."

ఆయన ఆ మాటకి ఏదో అనబోయాడు. పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. తర్వాత తెరే నల్లబడింది. పదిహేను నిమిషాలు అయిపోయాయట. సాయంత్రం పంపిన విచారణ నివేదికలో "కస్టమర్ వాంగ్మూలం అస్పష్టం" అని రాశారు. యూనిస్‌ని ఉద్యోగం లోంచి తీసేశారు. అనుభవ పత్రం కూడా ఇవ్వలేదు.

అంతకుముందు, విచారణ ముగిసిన ఆ మధ్యాహ్నమే భవనం కింద, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర, వి.వి. సార్ కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. "ఎక్కు," అన్నాడు పళ్ళ మధ్యనుంచి. రవళి తల అడ్డంగా ఊపి యూనిస్ పక్కకి వచ్చి నిలబడింది. ఆయన చెయ్యెత్తాడు. అంతలో సంచులు తగిలించుకున్న కుర్రాళ్ళు నలుగురు రోడ్డు దాటుతూ "నమస్తే సార్! పోస్టు చూసినం సార్, మస్తుగుంది!" అన్నారు. ఎత్తిన చెయ్యి నమస్కారంగా మారిపోయింది. బోర్డు మీది నవ్వు మొహానికి తగిలించుకున్నాడు. వెనక బండ్ల హారన్లు మోత పెడుతుంటే, ఆ నవ్వుతోనే కారెక్కి ఒక్కడే వెళ్ళిపోయాడు.

మోసెస్ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, రవళిని ఎస్.ఆర్. నగర్‌లో తనకి తెలిసినవాళ్ళ లేడీస్ హాస్టల్లో దింపాడు. రవళి విచారణకి బయల్దేరేటప్పుడే తన ఫోను వంటింట్లో పప్పు డబ్బాల వెనక దాచి వచ్చింది. తండ్రి తన ఫోన్లో వారం రోజులు ఆమె ఎక్కడుందో వెతికితే, నీలం చుక్క ఆయన ఇంటిమీదే నిలబడి కనిపించింది. పోలీసు స్టేషన్‌కి వెళ్ళాడు. పిల్ల తన ఇష్టంతోనే వెళ్ళానని ముందే వచ్చి రాసిచ్చిందని, మేజరని, మళ్ళీ వస్తే కంటి కింద వాపు గురించి తామే అడగాల్సి వస్తుందని చెప్పి పంపారు.

మహా కంపెనీ మాత్రం ఆయన్ని మరిచిపోలేదు. కలిగిన అసౌకర్యానికి పరిహారంగా కొత్త మోడల్ డబ్బా పంపింది. దీనికి తెర ఉంది, కెమెరా కూడా ఉంది. ఇల్లు నా కోట అన్న మనిషి దాన్ని హాల్లో నడిమధ్యన పెట్టించుకుని, పక్కన నిలబడి ఫొటో దిగి, లక్ష మందికీ చూపించాడు. "ఒక్క సామాన్యుడి మాటకి ప్రపంచంలోనే పెద్ద కంపెనీ దిగొచ్చింది. అదీ కమ్యూనికేషన్ పవర్!" అని డెమోల్లో చెప్పుకుంటున్నాడు. చేరేవాళ్ళు పెరిగారట. హైమవతి మాత్రం ఆ హాల్లోకి అడుగుపెట్టకుండా పెరటి గుమ్మం వైపు నుంచే తిరుగుతోంది. శనివారాలు కూతురికి హాస్టల్‌కి క్యారియర్ తీసుకెళ్తోంది.

మూడు నెలల తర్వాత యూనిస్‌కి మాసబ్ ట్యాంక్‌లో, ప్రభుత్వ ఆఫీసుల ఎదురుగా ఉన్న ఒక టైపింగ్ షాపులో పని దొరికింది. అర్జీలు పెట్టుకునేవాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చుని చెప్తారు. ఈమె టైపు చేస్తుంది. చెప్పేవాళ్ళకి వినేదెవరో తెలుసు. అక్కర్లేదనుకుంటే మధ్యలో ఆపి "గది రాయకమ్మా" అంటారు. ఆమె చెరిపేస్తుంది. ఇంత తేలికైన పనిని ఆ మహా కంపెనీ ఎందుకు చేయలేకపోతోందో ఆమెకి అర్థమయ్యేది కాదు. నిజానికి అర్థమయ్యేది.

ఒక మధ్యాహ్నం రవళి వచ్చింది. ఆసుపత్రి రికార్డుల విభాగంలో పనిచేస్తోంది. మోసెసే పై అధికారిని అడిగి పెట్టించాడు. నత్తి అలాగే ఉంది. కంటి కింద వాపు లేదు.

"క్... కంపెనీకి ఉత్తరం రాయాలి," అంది. "న్... నా మాటలన్నీ తిరిగి ఇమ్మని. ఇచ్చాక చ్... చెరిపేయమని."

"నువ్వే కొట్టుకోవచ్చు కదమ్మా, నీకు టైపింగ్ వచ్చు కద."

"న్... నేను చెప్తాను. మ్... మీరు కొట్టండి," అంది రవళి. కొంచెం కోపం, కొంచెం ఇంకేదో ఉన్నాయి ఆ గొంతులో.

యూనిస్ తలాడించి కుర్చీ ముందుకి జరుపుకుంది. రెండు పేజీల ఉత్తరానికి రెండు గంటలు పట్టింది. ప్రతి మాట దగ్గరా ఆగి, అది మొత్తం బయటికి వచ్చేదాకా వేళ్ళు మీటల మీద అలాగే ఉంచింది. వెనక అర్జీదారులు నలుగురు బెంచీ మీద కూర్చుని వేచి చూశారు. కంప్యూటర్ నుంచే పంపాక పదకొండు సెకన్లలో జవాబు వచ్చింది.

"ప్రియమైన ఖాతాదారు, మీ అభిప్రాయం మాకు అమూల్యం," అని యూనిస్ పైకి చదివింది. "మీరు కోరిన సమాచారం మీ భద్రత దృష్ట్యా అందుబాటులో లేదు. ఈ జవాబు మీకు ఉపయోగపడిందా? అయిదు నక్షత్రాలలో ఎన్ని ఇస్తారు?"

బెంచీ మీదున్న ముసలాయన కనకయ్య, పింఛను కాగితాల కోసం పదిసార్లు తిరిగినవాడు, ముందుకి వంగాడు. "ఎవరమ్మా వాడు, గంత పొగరుగ మాట్లాడుతుండు?"

"మనిషి కాదు తాతా, మిషన్ రాసింది."

"మరి దాని మీద ఆఫీసరుండడా?"

"ఉంటరు గని కనవడరు."

కనకయ్య తన కాగితాల కట్ట పక్కన పెట్టాడు. "గట్లయితే గిట్ల జెయ్యి. కాగితం మీద తియ్యి. రెండు కాపీలు. గా కంపెనీ మీద అర్జీ అని ఒకటి ఎదురుంగ సర్కారు ఆఫీసుల ఇయ్యి, ఇంకోదాని మీద ముద్ర ఏపిచ్చుకో. ముద్ర ఏసిన కాపీ చేతికి రాందే ఆడికెల్లి కదలకు. నేను సుత వస్త నీతోని, అర్జీలు తీసుకునే గా ఇన్‌వార్డు గుమాస్తా నాకెరుకే. జర సతాయిస్తడు గని, ఎదురుంగ కూసుంటే ఎటు పోతడు?"

రవళి నవ్వింది. యూనిస్ ఆ నవ్వు వినడం అదే మొదటిసారి. ఆ పిల్ల పిన్నులు గుచ్చిన కాగితాలు చేతిలోకి తీసుకుని, ముసలాయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, ఆఫీసు గేటు వైపు నడిచింది. యూనిస్ బెంచీ వైపు తిరిగి, తర్వాతి అర్జీ ఎవరిదని అడిగింది.